హరిదాసు గేటు దగ్గరే ఆగిపోయాడు

సంపాదకులకు నమస్కారాలు.

మీ సంక్రాంతి ప్రత్యేక సంచికలో, విదేశాల్లో పెరిగే మన పిల్లలకు పండుగ అంటే ఏమిటో తెలియకుండా పోతోందని ఒక పెద్దమనిషి రాసిన వ్యాసం చదివాను. ఆయన బాధను కాదనను. కాకపోతే ఆయన రాసినదంతా ఇంటి లోపలి సంగతి: తలంటు, పూజ, పిండివంటలు, కొత్త బట్టలు. నేను 36 ఏళ్లు తపాలా శాఖలో చేసినవాణ్ణి. అందులో మొదటి పదకొండేళ్లు భుజాన సంచీ తగిలించుకుని ఉత్తరాలు పంచాను. మాకు ఇల్లంటే గుమ్మమే. లోపలికి వెళ్లి కూర్చున్న ఇళ్లు తక్కువ, గుమ్మాన్ని బట్టి మనుషుల్ని అంచనా కట్టిన ఇళ్లు ఎక్కువ. అందుకని గుమ్మం దగ్గర నిలబడి చూసిన పండుగల గురించే రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది. కత్తెర మీ చేతిలో ఉంది. చివరి పేరాలు మాత్రం దయచేసి ఉంచండి.

నేనూ మా ఆవిడా కిందటి అక్టోబరు 14 నుంచి ఈ జనవరి 10 వరకు జర్మనీలో, మ్యూనిక్ శివారులో, మా అబ్బాయి దగ్గర ఉండి వచ్చాం. వీసా 90 రోజులు. మేం వాడుకున్నవి 89. మిగిలిన ఆ ఒక్కరోజు వృథా అయిందని మా ఆవిడ ఇప్పటికీ సాధిస్తోంది. అబ్బాయి, కోడలు, ఏడేళ్ల మనవరాలు, నాలుగేళ్ల మనవడు 2022 సెప్టెంబరులో అక్కడికి చేరారు. నేను దిగగానే ముందు చూసింది ఉత్తరాల డబ్బా. అక్కడ చాలా భవనాల్లో ఫ్లాటు నంబరు ఉండదు. వీధి పేరు, భవనం నంబరు, ఆపైన ఇంటిపేరు, అంతే. బెల్లు మీదా డబ్బా మీదా ఇంటిపేరు రాసి ఉండాలి, లేదంటే ఉత్తరం వచ్చిన దారినే పోతుంది. మా ఇంటిపేరు వాళ్ల లిపిలో పద్నాలుగు అక్షరాలు. ఆ చిన్న చీటీలో పట్టక చివరి రెండూ కిందికి వంగి ఉన్నాయి.

మావాళ్ల మొదటి ఏడాది సంగతి చెప్పాలి. 2022 దీపావళికి మా కోడలు గుమ్మం బయట, మెట్ల దారిలో, వరసగా ప్రమిదలు పెట్టింది. మర్నాడు భవనం చూసుకునే వాళ్ల దగ్గర నుంచి చీటీ: మెట్ల దారిలో మంట పెట్టరాదు, ఏ వస్తువూ ఉంచరాదు. మర్యాదగానే రాశారు, రూలూ న్యాయమైనదే. అయినా కొత్త ఊళ్లో తొలి పండుగకు చేతికి అందిన తొలి ఉత్తరం అది. ఆ డిసెంబరులో ఇంకోటి. 24వ తేదీ శనివారం. క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు కట్టేస్తారని తెలియక మావాడు మూడింటికి సంచీ పట్టుకుని బయలుదేరాడు. మర్నాడు ఆదివారం, ఆ మర్నాడు క్రిస్మస్ రెండో సెలవు. మంగళవారం ఉదయం దాకా ఇంట్లో పాలు లేవు, కూరలు లేవు. ఉప్మా, ఆవకాయ అన్నం, మళ్లీ ఉప్మా. "ఊరంతా ఎవరింటికో పేరంటానికి వెళ్లినట్టుంది నాన్నా, మమ్మల్ని మాత్రం ఎవరూ పిలవలేదు" అన్నాడు ఫోనులో, నవ్వుతూనే. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మేం వేసవి మానుకుని చలికాలంలో వెళ్లడానికి అసలు కారణం అది.

ఈసారి దీపావళి అక్టోబరు 31, గురువారం వచ్చింది. ప్రమిదలు కిటికీ లోపలికి మారాయి. టపాసులు లేవు, అక్కడ మామూలు జనం డిసెంబరు 31న, జనవరి 1న తప్ప కాల్చకూడదు. కాకరపువ్వొత్తులకు మాత్రం ఏడాది పొడవునా అడ్డు లేదట, పిల్లలకు అవే కొన్నాం. చీకటి పడగానే బెల్లు మోగింది. మా ఆవిడ తలుపు తీసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఎదురుగా మూడడుగుల ఎత్తున ఒక పుర్రె, ఒక మంత్రగత్తె, నెత్తుటి మరకలున్న ఒక దుప్పటి. లక్ష్మీదేవి రావలసిన వేళకు గుమ్మంలో దయ్యాలు! ఆ రాత్రే అక్కడ హాలోవీన్ అనీ, పిల్లలు వేషాలు కట్టుకుని ఇంటింటికీ మిఠాయిలు అడుగుతారనీ మనవరాలు వివరించింది. ఇంట్లో చాక్లెట్లు లేవు. ఆ పొద్దున కట్టిన సున్నుండలున్నాయి. పుర్రె తన తొడుగు నుదుటి మీదికి ఎత్తుకుని ఉండను వాసన చూసింది, కొరికింది, ఒక క్షణం ఆలోచించింది, రెండో చెయ్యి చాపింది. ఆ గంటలో ఇంకో రెండు జట్లు వచ్చాయి. సంగతి మెట్ల దారిలో పాకిందనుకుంటాను.

మర్నాడు సకల పునీతుల పండుగ, మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో సెలవు. ఎదుటి ఫ్లాటులో ఒంటరిగా ఉండే పెద్దావిడ, ఒకప్పుడు నర్సుగా చేసిందట, భర్త సమాధి దగ్గరికి వెళ్తూ మమ్మల్నీ రమ్మంది. ఆవిడ ఇంగ్లిషు నా పోస్టాఫీసు ఇంగ్లిషు కంటే ఒక మెట్టు కింద. అందుకే మాకు బాగా కుదిరింది. శ్మశానమంతా చామంతి కుండీలు, ఎర్ర గాజు బుడ్లలో దీపాలు. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన చిన్నప్పుడు దీపావళి రాత్రి గోగుకర్రలకు గుడ్డ చుట్టి దివిటీలు కొట్టించేవారు కదా, పితృదేవతలకు దారి కనబడాలని. మనవాళ్లు దాన్ని మానేశారు, వీళ్లు దీన్ని మానలేదు" అంది.

నవంబరు 9, శనివారం నాడు అక్కడి తెలుగువాళ్లు హాలు అద్దెకు తీసుకుని దీపావళి చేశారు. పులిహోర బాగుంది, పిల్లల నాట్యాలు బాగున్నాయి, మైకు బాగాలేదు. తొమ్మిది రోజులు పోయాక దీపావళి ఏమిటని నేను గొణిగితే, సెలవు దొరికిన రోజే పండుగ అని మా కోడలు నోరు మూయించింది. నిజమే. హాలుకు రెండు తలుపులు. చలికి రెండూ మూసే ఉంచారు.

ఇక నవంబరు 11. తిథి లెక్కన అది కార్తీక సోమవారం, మా ఆవిడ నక్తం ఉంది. వాళ్ల లెక్కన సెయింట్ మార్టిన్ రోజు. మార్టిన్ రోమన్ సైన్యంలో సిపాయి. చలిలో వణుకుతున్న బిచ్చగాడికి తన ఒంటి మీది దుప్పటిని కత్తితో సగానికి కోసి ఇచ్చాడని కథ. ఆ సాయంత్రం చిన్నపిల్లల బడులన్నీ కాగితం లాంతర్లతో ఊరేగింపు తీస్తాయి. సూర్యుడు ఐదు కాకముందే వెళ్లిపోయాడు. ముందు గుర్రం మీద ఎర్ర దుప్పటి కప్పుకున్న మార్టిన్, వెనక యాభై అరవై మంది పిల్లలు పాడుకుంటూ, ఆ వెనక తల్లిదండ్రులు. మా మనవడి లాంతరు నక్షత్రం ఆకారంలో ఉంది. నల్ల అట్ట, పసుపు పలుచ కాగితం, లోపల పెసరగింజంత బల్బు. ఒక కొస జిగురు ఊడి వేలాడుతోంది. మా ఆవిడ రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని ప్రతి పది అడుగులకు ఒకసారి ఆకాశం చూస్తోంది. నక్షత్రం కనబడితేగాని ముద్ద దిగదు. పైన చూస్తే బూడిద రంగు మబ్బు, ఎక్కడా చిల్లు లేదు.

ఊరేగింపు చివర పిల్లలకు తలా ఒక తీపి రొట్టె ఇచ్చారు. రూలేమిటంటే, ఎవరి రొట్టె వాళ్లు తినకూడదు, సగం విరిచి ఇంకొకరికి ఇవ్వాలి, మార్టిన్ దుప్పటిలాగా. మావాడు విరిచాడు. పెద్ద ముక్క తను ఉంచుకుని (మార్టిన్ కంటే లౌక్యం తెలిసినవాడు) చిన్నది నానమ్మ చేతిలో పెట్టాడు. "ఇంకా చుక్క కనబడలేదు నాన్నా, తినకూడదు" అంది ఆవిడ. వాడు లాంతరు కర్రను ఆవిడ ముక్కు దగ్గరికి ఎత్తాడు. ఆవిడ ఆ ఊడిన కొసను వేలితో అంటించబోయింది, అంటలేదు. అందులో గుడ్డు వేశారేమోనని నన్ను అడిగింది. నాకేం తెలుసు? ఒక్క క్షణం కళ్లు మూసుకుని నోట్లో వేసుకుంది. యాభై ఏళ్ల నక్తాల్లో ఆవిడ చుక్కను చూడకుండా తిన్నది అదొక్కసారేనట. చూడకుండా అని నేనంటాను, చూసే తిన్నానని ఆవిడ అంటుంది.

మా మనవరాలి తిప్పలు వేరు. బడిలో నవంబరు నుంచే క్రిస్మస్ మాటలు. బవేరియాలో కానుకలు తెచ్చేది ఎర్ర టోపీ తాత కాదు, క్రిస్ట్‌కిండ్, అంటే బాల క్రీస్తు. ఎవరి కంటా పడకుండా వచ్చి వెళ్తాడు. "తాతయ్యా, మన ఇంటికి వస్తాడా? మనం వాళ్లం కాదుగా?" అని అడిగింది. వాళ్ల నాన్న ఏదో చెప్పబోయాడు గాని నేను అడ్డుపడ్డాను. అది నా శాఖకు సంబంధించిన ప్రశ్న. చిరునామా ఉంటే ఉత్తరం వేద్దాం, జవాబు వస్తే వస్తాడన్నమాట అన్నాను. విచారిస్తే నిజంగానే చిరునామా ఉంది! క్రిస్ట్‌కిండ్, 97267 హిమ్మెల్‌స్టాట్. ఆ ఊరి పేరుకు అర్థం స్వర్గపురం. బవేరియాలోనే ఉంది. పండుగ రోజుల్లో అక్కడ ప్రత్యేకంగా పోస్టాఫీసు నడుపుతారు, పిల్లల ఉత్తరాలకు ఊళ్లోని స్వచ్ఛంద సేవకులు కూర్చుని జవాబులు పంపుతారు. మనకూ శబరిమలలో అయ్యప్పకు సొంత పిన్‌కోడు ఉంది, 689713. అయితే నా ఉద్యోగంలో "దేవుడికి" అని మాత్రం రాసిన కార్డులు రెండు మూడు చేతికి వచ్చాయి. వాటిని, చిరునామా దొరకని ఉత్తరాలు వెళ్లే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు కట్టలో వేశాను. ఇప్పుడు తలుచుకుంటే, ఒక్కదానికైనా నా డబ్బుతో జవాబు రాసి ఉండాల్సింది.

మనవరాలు జర్మన్‌లో అరపేజీ రాసి, కింద తెలుగులో తన పేరు రాసింది. 85 సెంట్ల స్టాంపు నేనే అంటించాను. (2025 జనవరి 1 నుంచి 95 చేశారు. ఏ దేశమైనా తపాలా శాఖ తపాలా శాఖే.) మూడు వారాలకు జవాబు వచ్చింది. ముద్ర మసకబారకుండా, సూటిగా, స్టాంపు మీద సరైన చోట పడింది. పిల్ల లోపలి ఉత్తరం చదువుకుంటుంటే నేను కవరు చూస్తూ కూర్చున్నాను.

డిసెంబరు 5 రాత్రి ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. ఆ రాత్రి పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం బయట పెడతారు. తెల్లారేసరికి సెయింట్ నికోలాస్ వాటిలో అక్రోటు కాయలు, కమలాలు, చాక్లెట్లు వేసి పోతాడు. ఆయన ఇప్పటి తుర్కియేలో ఉన్న మైరా పట్టణానికి బిషప్పుగా చేసినవాడు. మా ఆవిడకు నికోలాస్ మీద ఏ అభ్యంతరమూ లేదు. బూట్ల మీదే. "చెప్పుల్లో తిండి పెట్టడమేమిటి? అన్నం పరబ్రహ్మ స్వరూపమని నేర్పాల్సిన పిల్లలకా?" అంది. ఒక్క రోజే కదా అత్తయ్యగారూ అని కోడలు. కొత్త బూట్లు కొందామని అబ్బాయి. కొత్తవైనా చెప్పులు చెప్పులే అని ఆవిడ. పిల్లలిద్దరూ బూట్లు చేతుల్లో పట్టుకుని ఏడవడానికి సిద్ధంగా నిలబడ్డారు. చివరికి ఆవిడే వంటింట్లోకి వెళ్లి రెండు చిన్న స్టీలు గిన్నెలు తెచ్చింది, పప్పులో నెయ్యి వేసుకునేవి. ఒక్కో బూటు నోట్లో ఒక్కోటి కూర్చోబెట్టింది. సరిగ్గా పట్టాయి. పిల్లల్ని పడుకోబెట్టి నేను తలుపు తీసి చూస్తే, మెట్ల దారిలో ఏ వస్తువూ ఉంచరాదన్న ఆ భవనంలో మూడు అంతస్తుల్లోనూ గుమ్మం గుమ్మానికీ బూట్లు. రూలు రాసినవాళ్ల పిల్లలవీ అందులో ఉండే ఉంటాయి. రూలు ఎక్కడికీ పోలేదు. ఆ ఒక్క రాత్రికి కాస్త పక్కకు తప్పుకుంది, అంతే.

పొద్దున గిన్నెల్లో మేం వేసినవే కాక, ఎవరో అదనంగా వేసిన అక్రోటు కాయలు కూడా ఉన్నాయి. ఎదుటి పెద్దావిడ గుంభనంగా నవ్వింది. ఆ వారం పళ్లెం రాకపోకలు మొదలయ్యాయి. ఆవిడ ఒక పళ్లెం నిండా నెలవంక బిస్కట్లు పంపింది. ఖాళీ పళ్లెం తిరిగి ఇవ్వకూడదు గనుక మా ఆవిడ జంతికలు పెట్టి పంపింది. ఖాళీ పళ్లెం ఇవ్వకూడదన్న నియమం ఆవిడకూ ఉందో, లేక మా ఆవిడను చూసి నేర్చుకుందో, మర్నాడు మళ్లీ వచ్చింది. మేం బయలుదేరే రోజుకు పళ్లెం మా ఇంట్లోనే ఉంది, ఇవ్వడం మా వంతు.

చెట్టు విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెడతామంటే నేను ముఖం మాడ్చుకున్నాను. మన ఇంట్లో తులసికోట లేదు గాని దీనికి చోటు దొరికిందా అన్నాను. మా కోడలు గొంతు పెంచలేదు. "మామయ్యగారూ, బడిలో నెలన్నర పాటు ఇదే మాట. మన పిల్లలు ఆ నెలన్నరా చుట్టపుచూపుగా వచ్చినవాళ్లలా ఒక మూల కూర్చోవడం నేను రెండేళ్లు చూశాను. నాకు పూజ ఒక్కటీ తగ్గలేదు. చెట్టు పెరిగితే పూజ తరుగుతుందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు చెట్టు మోసుకొచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. సూదుల్లాంటి ఆకులు స్వెట్టరులోంచి ఇప్పటికీ రాలుతున్నాయి.

చెట్టు కంటే నాకు నచ్చింది వాళ్ల బొమ్మల కొలువు. కొలువే అంటాను, ఇంకో మాట లేదు. క్రీస్తు పుట్టిన పశువుల పాక, నాచు, గొర్రెలు, కాపరులు, మధ్యలో గడ్డి తొట్టి. ఆ బొమ్మలు అమ్మడానికి మ్యూనిక్‌లో విడిగా సంతే పెడతారు. బవేరియా జాతీయ మ్యూజియంలో పాత కొలువులు గదుల నిండా ఉన్నాయి. ఆ బిడ్డను చూడవచ్చిన ముగ్గురు రాజుల బొమ్మల్ని మొదట దూరంగా పెట్టి, రోజుకు కొంచెం కొంచెం జరుపుతూ జనవరి 6కు పాక దగ్గరికి చేరుస్తారు. ఎదుటి పెద్దావిడ కొలువులో ఆవు బొమ్మ కాలు విరిగి గోడకు ఆనించి ఉంది. మా ఆవిడ సంక్రాంతి కొలువు కోసమని పెట్టెలో బట్టల మధ్య చుట్టి తెచ్చిన కొండపల్లి బొమ్మల్లోంచి ఆవును తీసి ఇచ్చింది. తెల్ల పొణికి కర్ర, చింతగింజల ముద్ద, రంగులు అని నేను ఇంగ్లిషులో చెప్పబోయి మధ్యలో వదిలేశాను. మూపురం ఉన్న ఆవును ఆవిడ ఎప్పుడూ దగ్గరగా చూడలేదట. తడిమి తడిమి చూసి, పాత ఆవును సొరుగులో పెట్టి, దీన్ని తొట్టి పక్కన నిలబెట్టింది. ఫిబ్రవరి 2 దాకా కొలువు తియ్యనంది.

డిసెంబరు 24వ తేదీ సాయంత్రం అక్కడ ఎవరి ఇంట్లో వాళ్లుంటారు, పిలుపులు ఉండవు. మా అబ్బాయికి 2022 గుర్తుంది. అందుకే కోడలు వెళ్లి ఎదుటి తలుపు కొట్టింది. పెద్దావిడ కొడుకు దూరంగా హాంబుర్గ్‌లో ఉంటాడు. ఆవిడ బంగాళాదుంపల సలాడు గిన్నెతో వచ్చింది. మామూలుగా మాంసం రసం పోస్తారట, మా కోసం కూరగాయల రసంతో చేసింది. పులిహోర పక్కన అది పుల్లగా, చల్లగా బాగానే కుదిరింది. డిసెంబరు 31 అర్ధరాత్రి ఊరంతా టపాసులతో దద్దరిల్లింది. రెండు నెలలు ఆలస్యంగా దీపావళి వచ్చిందని మా ఆవిడ. జనవరి 1న పెద్దావిడ అదృష్టం కోసమని బాదం ముద్దతో చేసిన గులాబీ రంగు పంది బొమ్మను కానుకగా ఇచ్చింది. అది పూర్తి శాకాహారమని రూఢి చేసుకున్నాక కూడా దాన్ని కొరకడానికి మా ఇంట్లో ఎవరూ ముందుకు రాలేదు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం జనవరి 6. ముగ్గురు రాజుల పండుగ, అదీ అక్కడ సెలవే. మనకు ధనుర్మాసం నడుస్తోంది. పదిన్నరకు బెల్లు మోగింది. గుమ్మంలో నలుగురు పిల్లలు. ముగ్గురి తలల మీద బంగారు కాగితం కిరీటాలు, భుజాల మీద పరదా గుడ్డతో కుట్టిన అంగీలు. నాలుగో అమ్మాయి చేతిలో పొడవాటి కర్ర, దాని చివర నక్షత్రం. వెనక ఒక పెద్దమనిషి. పాట అందుకున్నారు. అంతే, మా ఆవిడ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. భయపడిందేమో అనుకున్నాను. అర నిమిషంలో తిరిగి వచ్చింది, దోసిట్లో బియ్యంతో. పాట వినగానే కాళ్లు వాటంతట అవే డబ్బా దగ్గరికి నడిచాయట. మా ఊళ్లో ఆవిడ పాతికేళ్లు ధనుర్మాసం పొద్దుల్లో హరిదాసు అక్షయపాత్రలో బియ్యం పోసిన మనిషి. ఇక్కడ పాత్ర ఏదీ? చిన్న రాజు చేతిలో డబ్బుల డబ్బా ఉంది, సన్నని చీలికతో. వాడు బియ్యాన్నీ డబ్బానూ మార్చి మార్చి చూశాడు. మనవరాలు పరుగున వచ్చి జర్మన్‌లో ఏదో చెప్పింది. రాజులు నలుగురూ పకపక నవ్వారు, నాలుగోది రాజు కాకపోయినా. మిఠాయిల కోసం తెచ్చుకున్న గుడ్డసంచీ నోరు తెరిచి పట్టుకున్నారు. బియ్యం వెనక్కి తీసుకోమని ఎవరూ అనలేదు. ఆ పైన ఐదు యూరోలు డబ్బాలో, అరిసెలు సంచీలో. 1959 నుంచి ఈ పిల్లలు ఏటా ఇలా తిరిగి పోగుచేసిన డబ్బును ఇతర దేశాల్లోని పేద పిల్లల కోసం పంపుతున్నారని ఆ పెద్దమనిషి చెప్పాడు.

అప్పుడు పెద్ద రాజు జేబులోంచి సుద్దముక్క తీసి, తలుపు మీద రాయవచ్చా అని అడిగాడు. ఇంటిని దీవించే అక్షరాలు, ఏడాది అంకె. అబ్బాయి నా వైపు చూశాడు. కోడలు వాళ్ల అత్తయ్య వైపు చూసింది. గడపకు పసుపు ఉంది, పైన ప్లాస్టిక్ మామిడాకుల తోరణం ఉంది. మా ఆవిడ ఆలోచించలేదు. "హరిదాసు వాకిట్లోకి వస్తే నీది ఏ కులం, నీది ఏ మతం అని అడిగామా? రాయమను" అంది. కుర్రాడికి అందలేదు. కూర్చుని బూట్లు కట్టుకునే చిన్న పీట తెచ్చి వేశాం. తోరణాన్ని వేలితో కాస్త పైకి జరిపి, నాలుక బయటపెట్టి, జాగ్రత్తగా రాశాడు: 20, సి, ఎం, బి, 25. మధ్యలో చుక్కలు, కూడిక గుర్తులు. ముగ్గురు రాజుల పేర్ల మొదటి అక్షరాలని కొందరు, "క్రీస్తు ఈ ఇంటిని దీవించుగాక" అన్న లాటిన్ మాటలకు పొడి అక్షరాలని కొందరు అంటారు. వచ్చే జనవరి దాకా చెరపరట. కిందికి దిగుతూ ఆ కుర్రాడు బెల్లు దగ్గర ఆగి, పద్నాలుగు అక్షరాల మా ఇంటిపేరును కూడబలుక్కుని చదవడం నేను విన్నాను. తప్పు చదివాడు, కాని పూర్తిగా చదివాడు.

జనవరి 11న విజయవాడలో మా అపార్టుమెంటుకు చేరుకున్నాం. 12న, భోగి ముందు రోజు ఉదయం ఆరున్నరకు, చిడతల చప్పుడు వినబడి బాల్కనీలోకి వెళ్లాను. గేటు బయట హరిదాసు. మా వీధికి పదేళ్లుగా వచ్చేవాడే. ఈమధ్య స్కూటరు మీద వస్తున్నాడు, ముందు చిన్న స్పీకరు కట్టుకుని. తల మీద అక్షయపాత్ర ఉంది, తిరుగుడు ముగిసేదాకా అతను దాన్ని దించడు, మాట్లాడడు. వాచ్‌మన్ చెయ్యి అడ్డంపెట్టి ఏదో చెబుతున్నాడు. ఇతను నోరు విప్పడు, అతను గేటు తియ్యడు. నేను లిఫ్టు రాక, మెట్లు దిగి వెళ్లేసరికి స్కూటరు మలుపు తిరిగిపోయింది. వాచ్‌మన్ తప్పేమీ లేదు. మేం ఊళ్లో లేనప్పుడు అసోసియేషన్ నోటీసు పెట్టిందట: భద్రత దృష్ట్యా అమ్మకందార్లను, యాచకులను, హరిదాసులను, గంగిరెద్దులవాళ్లను లోనికి అనుమతించరాదు. నలభై ఎనిమిది ఫ్లాట్ల గుమ్మాలకు నలభై ఎనిమిది తోరణాలున్నాయి. గొబ్బెమ్మల ముగ్గు స్టిక్కర్లూ ఉన్నాయి. ఆ గుమ్మాల దాకా నడిచి రావలసిన మనిషి మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాడు.

దొంగల భయం నాకు తెలియంది కాదు. మీ వ్యాసకర్త గారికి నేను చెప్పేదల్లా ఇది: మా మనవలకు పండుగ తెలియదని ఆయన దిగులుపడనక్కర్లేదు. గుమ్మంలోకి ఎవరైనా పాడుతూ వస్తే లోపలికి పరిగెత్తి దోసిలి నింపుకుని రావాలని మా మనవరాలు జనవరి 6న చూసింది. మా అపార్టుమెంటులో ఆ వయసు పిల్లలు ముప్పై మంది ఉన్నారు. వాళ్లలో ఎంతమంది చూశారో ఆయన వచ్చి అడగవచ్చు.

అసోసియేషన్‌కు రాతపూర్వకంగా నేను పెట్టిన ప్రతిపాదన ఒక్కటే. ధనుర్మాసం నెల రోజులూ ఉదయం ఆరు నుంచి ఏడు దాకా హరిదాసును, భోగి నుంచి కనుమ దాకా మూడు రోజులు గంగిరెద్దులవాళ్లను లోనికి రానివ్వాలి. పేరు, ఊరు పుస్తకంలో రాయించుకుంటే రాయించుకోండి. ఆ గంట సేపు గేటు దగ్గర నేను కూర్చుంటాను, పుస్తకం నేనే రాస్తాను. నా దస్తూరీ బాగుంటుంది. మిగతా అపార్టుమెంట్లవాళ్లు కూడా ఆలోచించాలని కోరుతున్నాను. మా సమావేశం ఫిబ్రవరి 2, ఆదివారం ఉదయం పదింటికి. ఈలోపు మీరు దీన్ని అచ్చు వేస్తే, కత్తిరించి నోటీసు బోర్డులో ఆ నోటీసు పక్కనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సబ్ పోస్టుమాస్టరు,
విజయవాడ